కీరన్ పుట్టినరోజు టోస్టు

వెన్న కత్తి చేతిలో పట్టుకుని వంటింట్లో బిగుసుకుపోయి నిలబడ్డ మార్నీని పోయినవారం మనం అలాగే వదిలేసి వచ్చాం. నేల మీద అత్తగారు గ్లెనిస్ గోడకు ఆనుకుని, రెండు చేతులతో తల వెనక భాగం పట్టుకుని కూర్చుంది. తలలో ఎవరో సుత్తితో కొడుతున్నారని ఒకే మాట పదే పదే అంటోంది. బల్ల మీద సగం కొరికిన టోస్టు ఉంది. దాని మీద మందంగా వెన్న, వెన్న మీద పల్చగా ఈస్టుతో చేసే నల్ల ముద్ద. ఆ ఊళ్లో పాలపళ్ళు రాని పిల్లల దగ్గర్నుంచి పళ్ళూడిన తాతల దాకా అందరూ పొద్దున్నే తినే నల్ల ముద్దే, కానీ ఆ ఇంటి గడప దాటి లోపలికి రాకూడదు. దిగులు తగ్గడానికి గ్లెనిస్ వేసుకునే మాత్రకూ దానికీ పడదు. ప్రాణం మీదికి తెచ్చేంతగా పడదు.

కింద పడిన కత్తి ఎవరి కాలికైనా తగులుతుందని మార్నీ తీసి పట్టుకుంది, అంతే. సరిగ్గా అప్పుడే మామగారు లాయ్డ్ లోపలికి వచ్చాడు. కత్తిని చూశాడు, టోస్టును చూశాడు, ఇంకా పెళ్ళి కళ తగ్గని కోడలి మొహం చూశాడు.

"ఏం పెట్టావ్ ఆమెకి?" అన్నాడు.

జవాబు కోసం ఆగకుండా ఫోను అందుకున్నాడు.

అంబులెన్సులో మార్నీ వెళ్ళింది. నేను నా బండిలో వెనకే వస్తానన్న లాయ్డ్ చాలాసేపటికి గానీ రాలేదు. కెల్ప్ బే ఆసుపత్రి ఎంతో దూరం లేదు. చేపల మార్కెట్టు దాటి మలుపు తిరిగితే వచ్చేస్తుంది. అయినా ఆయన వచ్చేసరికి గ్లెనిస్‌ను లోపలికి తీసుకెళ్ళడం, సూది గుచ్చడం, తెర వేసేయడం అన్నీ అయిపోయాయి. మార్నీ నడవాలో బెంచీ మీద ఒక్కతే కూర్చుని ఉంది.

ఆ పొద్దున ఎంత సంతోషంగా మొదలైందో తలుచుకుంటే ఆమెకు సిగ్గుగా ఉంది. నీళ్ళు వెనక్కి తీసే వేళ అని మొగుడు హామిష్ చీకటితోనే లేచి ఆల్చిప్పల బుట్టలు చూసుకోవడానికి సముద్రంలోకి వెళ్తూ, ఆవిరి పట్టిన కిటికీ అద్దం మీద వేలితో ఒక కోతి బొమ్మ గీసి, దాని కింద ఆమె పేరు రాసి వెళ్ళాడు. మార్నీ ఆ బొమ్మ కరిగి కారిపోయేదాకా మంచం మీద పడుకుని చూస్తూనే ఉంది. తర్వాత మొగుడి స్వెట్టరు తగిలించుకుని, కూనిరాగం తీసుకుంటూ వాకిలి దాటి అత్తమామలుండే పెద్దింటి వంటగదిలోకి వెళ్ళింది. ఆ కూనిరాగం గొంతులో ఎక్కడ ఆగిపోయిందో కూడా ఇప్పుడు గుర్తుంది.

లాయ్డ్ మోకాళ్ళ దాకా ఉన్న రబ్బరు బూట్లతోనే లోపలికి వచ్చాడు. వెనక నేలంతా బురద గీతలు.

"లాయ్డ్, నా నేల మీద ఆల్చిప్పలు పండిద్దామనుకుంటున్నావా?" అంది నర్సు జోస్లిన్. కసురుకున్నట్టే ఉన్నా గొంతు మెత్తగానే ఉంది. "బూట్లు విప్పి గుమ్మం దగ్గర పెట్టు. ఆమె ఎక్కడికీ పోదు. మందు ఎక్కుతోంది, రక్తపోటు దిగుతోంది. డాక్టరమ్మ లోపలే ఉంది."

లాయ్డ్ చెప్పినట్టే బూట్లు విప్పాడు. బొటనవేలి దగ్గర చిరిగిన ఊలు మేజోళ్ళతో వచ్చి మార్నీ ఎదురుగా నిలబడ్డాడు. ఒక చెయ్యి కోటు జేబులో ఉంది. అరవలేదు. అరిచినా బాగుండేదనిపించింది ఆమెకు.

"ఆ నల్ల ముద్ద డబ్బా నీదేనా, మేట్?"

"నాదే."

నేస్తం అన్న అర్థంలో ఆయనకు అందరూ మేటే. పడవ నడిపే కుర్రాడూ మేటే, బ్యాంకు మేనేజరూ మేటే, పెళ్ళయిన మర్నాటి నుంచి కోడలూ మేటే. ఆ పిలుపు ఇంతకుముందు ఎంతో ముద్దుగా ఉండేది.

డబ్బా ఆమెదే, అందులో అబద్ధం లేదు. అడిలైడ్‌లో పెరిగిన పిల్ల. నల్ల ముద్ద నాలుక్కి తగలందే ఆమెకు తెల్లవారినట్టుండదు. పెద్దింట్లో ఉండకూడదని తెలుసు కాబట్టి, వాకిలికి అవతల తామిద్దరూ ఉండే గదిలో ఓట్సు పొట్లాల వెనక దాచుకుంది. అమ్మ కంట పడనీకు అన్నాడు హామిష్. పొద్దున్నే ఇద్దరూ దొంగల్లా మంచం మీద కూర్చుని టోస్టు తిని, నవ్వుకుని, పళ్ళు తోముకుని మరీ వాకిలి దాటేవాళ్ళు. ఒకసారి హామిష్ మీసానికి నలుపు అంటుకుంటే కొత్త మొగుడని కూడా చూడకుండా ఆమె తన కొంగులాంటి స్కార్ఫుతో మొహమంతా రుద్దేసింది. అదంతా ఎంత సరదాగా ఉండేదో.

"నేనెన్నిసార్లు చెప్పాను?" లాయ్డ్ నెమ్మదిగా అన్నాడు. "ముదిరిన చీజు వద్దు. క్లబ్బులో కుళాయి తిప్పి పట్టే బీరు వద్దు. సోయా వద్దు. నలుపు అసలే వద్దు. జలుబు చేసిందని షాపులో దొరికే బిళ్ళ కూడా డాక్టర్ని అడక్కుండా ఇవ్వొద్దని చెప్పానా లేదా?"

"చెప్పావ్."

"మరి?"

"నేను పెట్టలేదు, లాయ్డ్."

"మరి టోస్టు దానంతటదే నడిచొచ్చి బల్ల మీద కూర్చుందా?"

మార్నీ నోరు తెరిచి ఆగిపోయింది. నేను కాకపోతే ఆమే. ఆమే తీసుకుని తిన్నదంటే, ఏది తినకూడదో ఊళ్లో అందరికన్నా బాగా తెలిసిన మనిషి తెలిసీ తిన్నదంటే, దానికి లాయ్డ్ ఏ అర్థం చెప్పుకుంటాడు? ఆ అర్థం అప్పటికే ఆయన కళ్ళలో కనిపిస్తోంది. ఆయన తనను నిలదీయడం లేదు. బతిమాలుతున్నాడు. నువ్వే పెట్టానని చెప్పు, దయచేసి అదొక్క మాట చెప్పు అన్నట్టు చూస్తున్నాడు.

"నేనే పెట్టాను," అంది మార్నీ. "తెలీక పెట్టాను."

లాయ్డ్ భుజాలు ఒక్కసారిగా దిగాయి. బెంచీ మీద ఆమె పక్కన కూర్చున్నాడు. కోపంగా ఉన్నాడో, ఊపిరి పీల్చుకున్నాడో ఆమెకు తెలియలేదు. ఆయన చెయ్యి మాత్రం జేబులోనే ఉంది.

తెర జరుపుకుని డాక్టర్ ఫెర్నాండో బయటికి వచ్చింది. పొట్టిగా, చురుగ్గా ఉండే మనిషి. శ్రీలంక నుంచి వచ్చి ఈ ఊళ్లో ఎన్నో చలికాలాలు గడిపినా ఇంకా రెండు స్వెట్టర్లు వేసుకుంటుంది.

"టోస్టు ఎవరు ఇచ్చారు?"

"ఈ పిల్ల," అన్నాడు లాయ్డ్. "తెలీదు పాపం."

డాక్టర్ మార్నీ వైపు తిరిగింది. "ఎంత రాశావు?"

"పల్చగా."

"నిన్న కూడా పెట్టావా? మొన్న?"

"లేదు... ఏమో."

"జలుబు మందులేమైనా ఇచ్చావా? ముక్కులో వేసుకునే చుక్కలు? పొద్దున మాత్ర నువ్వు చూస్తుండగానే వేసుకుందా?"

మార్నీ నేల వైపు చూసింది. మోయగలననుకుని ఎత్తుకున్న బరువు రెండడుగులకే చేతుల్లోంచి జారిపోతోంది.

"చూడమ్మా," అంది డాక్టర్, గొంతు తగ్గించి. "రక్తపోటు మరీ కిందికి దించినా ప్రమాదమే. ఎంత దించాలో, ఎంతసేపు పక్కన కూర్చుని కాయాలో నాకు తెలియాలి. ఇంట్లోవాళ్ళ మనసు నొప్పించకూడదని చెప్పే మాటలు ఇంట్లో చెప్పుకోండి. ఇక్కడ వద్దు."

"నేను పెట్టలేదు," అంది మార్నీ.

లాయ్డ్ ఆమె వైపు చూడలేదు. ఎదురుగా గోడ మీద పొగతాగవద్దనే బోర్డును, ఎప్పుడూ చూడనిదాన్ని చూస్తున్నట్టు చూస్తూ కూర్చున్నాడు.

"నువ్వెళ్ళి ఆమె దగ్గర కూర్చో," అంది డాక్టర్ మార్నీతో. "నీ పేరే అడుగుతోంది. ఎక్కువ మాట్లాడించకు. లాయ్డ్, నువ్వు కాసేపు ఇక్కడే ఉండు."

గదిలో దీపం తగ్గించి ఉంది. గ్లెనిస్ చేతికి చుట్టిన రక్తపోటు పట్టీ ఉండుండి బుస్సుమని బిగుసుకుని వదులవుతోంది. రంగు లేని మొహం. జుట్టు చెమటకి నుదుటికి అతుక్కుంది. నిన్నటిదాకా ఈమె వంటింట్లో రేడియో పెట్టుకుని, గరిట మైకులా పట్టుకుని పాడేది. మార్నీ పక్కన కూర్చుంటే కళ్ళు తెరిచి కిందినుంచి పైదాకా చూసింది.

"స్వెట్టరు తిరగేసి వేసుకున్నావ్."

"తలనొప్పి ఎలా ఉంది?"

"సుత్తి మనిషి పని మానేసి ఇంటికి పోతున్నాడు. తలుపు మాత్రం ఇంకా గట్టిగానే వేస్తున్నాడు." పెదాలు తడుపుకుంది. "నీ డబ్బా దొంగిలించాను, బంగారం. నిన్న మీ గదిలో తువ్వాళ్ళు పెట్టడానికి వచ్చానే, అప్పుడు."

"అడిగితే ఇచ్చేదాన్ని కాదు."

"తెలుసు. అందుకేగా దొంగతనం."

మార్నీకి నవ్వు రాలేదు. గ్లెనిస్ ఆమె చెయ్యి పట్టుకుంది. వేళ్ళు మంచులా ఉన్నాయి.

"ముందు ఒక మాట చెప్పనీ. చచ్చిపోదామని తినలేదు. అందరూ అదే అనుకుంటారు. బేకరీ దగ్గర ఇప్పటికే అనుకుంటూ ఉండి ఉంటారు. అది కాదు. నువ్వు నమ్మాలి."

"నమ్ముతాను. మరి ఎందుకు?"

"ఈవాళ కీరన్ పుట్టినరోజు."

మార్నీకి ఆ సంగతి తెలియదు. కీరన్ హామిష్ అన్న అని తెలుసు, నాలుగేళ్ళ కిందట పడవ తిరగబడి పోయాడని తెలుసు. హాల్లో ఉన్న ఫోటోలో ఎండకి కళ్ళు చికిలించి నవ్వుతూ ఉంటాడని తెలుసు. పుట్టినరోజు ఎప్పుడో హామిష్ చెప్పలేదు. పొద్దున కోతి బొమ్మ గీస్తున్నప్పుడు అతని మనసులో ఏముందో, ఎవరిని తలుచుకుని అంత తొందరగా సముద్రంలోకి పోయాడో ఇప్పుడు తడుతోంది.

"వాడి టోస్టుకి ఒక లెక్క ఉండేది," అంది గ్లెనిస్. "కొరికితే వెన్న మీద పళ్ళ గుర్తులు పడాలి. నలుపు మాత్రం పిసినారివాడు గోడకు సున్నం వేసినట్టు వెయ్యాలి. పడవలు ఆగే జెట్టీ చివర కాళ్ళు వేలాడేసి కూర్చుని తినేవాడు, సముద్రపు కాకులు చుట్టూ చేరి గోల చేసేవి. వాడు పోయాక మొదటి పుట్టినరోజుకి నేనే ఒకటి చేసుకుని జెట్టీకి తీసుకెళ్ళాను. సగం నేను తిన్నాను, సగం కాకులకి వేశాను. ఏడ్చాను. ఎంత ఏడ్చానంటే, చేపలు పట్టుకునే ముసలాయన గాలం ఎత్తేసుకుని అవతలికి వెళ్ళిపోయాడు. ముక్కు తుడుచుకుని ఇంటికొచ్చి గిన్నెలు తోమాను."

పట్టీ బిగుసుకుంది. వదులయ్యేదాకా ఆగింది.

"తర్వాత గిన్నెలు తోమలేదు. లేవనే లేదు. అప్పుడు నన్ను నువ్వు చూడలేదు, చూడకపోవడమే మంచిది. ఒక మందు తర్వాత ఒక మందు ఇచ్చారు, ఏదీ పట్టలేదు. చివరికి ఈ పాత రకం మాత్ర. డాక్టరమ్మ నన్ను కూర్చోబెట్టి పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా పాఠం చెప్పినట్టు చెప్పింది, ఏవి తినాలో ఏవి తినకూడదో. దీన్ని నేను తిట్టను, మార్నీ. మంచం మీంచి లేపింది ఇదే. మీ పెళ్ళిలో బల్ల ఎక్కించి నాచేత డాన్సు చేయించింది ఇదే."

"బల్ల విరిగింది కూడా."

"పాత బల్లేలే అది." గ్లెనిస్ నవ్వబోయి, తల నొప్పెట్టి కళ్ళు మూసుకుంది. "పోయినేడు వాడి పుట్టినరోజుకి జాము రాసిన టోస్టు తీసుకుని వెళ్ళాను. బుద్ధిగా, నియమంగా. జెట్టీ చివర కూర్చున్నాను. ఏమీ రాలేదు. ఒక్క చుక్క రాలేదు. కూర్చుని ఏం ఆలోచిస్తున్నానో తెలుసా? రాత్రికి మాంసం ఫ్రీజరులోంచి తీసి బయటపెట్టానా లేదా అని. నా కొడుకు మునిగిన నీళ్ళ ముందు కూర్చుని. ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూశాను, దొరికిపోయినట్టు."

మార్నీ బొటనవేలు గ్లెనిస్ చేతి మీద అటూ ఇటూ తిరుగుతోంది.

"అందుకని ఈ ఏడు ముందే అనుకున్నాను. కొన్నాళ్ళు మాత్ర ఆపేస్తే ఏడుపు వస్తుంది. ఒక్కరోజు ఏడిచి, మర్నాడు మళ్ళీ మొదలుపెడదామని. లాయ్డ్ ఎదురుగా నిలబడి మింగిస్తాడుగా. నాలుక కింద పెట్టుకుని, ఆయన అటు తిరగ్గానే కిటికీలో జెరేనియం పూలకుండీలోకి ఉమ్మేసేదాన్ని. ఆయన అటు తిరగని రోజు మింగక తప్పేది కాదు. మాత్ర ఒంట్లోంచి దిగిపోయాక ఇంక నలుపు తింటే ఏమవుతుంది అనుకున్నాను."

"దిగిపోయిందని ఎలా అనుకున్నావు?"

"క్లబ్బులో ఎలా అనుకుంటామో అలాగే. శుక్రవారం రాత్రి తాగినవాడు ఆదివారం బండి నడపడా? పోలీసు ఊదమంటే ధైర్యంగా ఊదుతాడు. నేనూ అలాగే ఊదగలననుకున్నా." కంటి కొసల్లో తడి లేదు. "చివరికి జెట్టీ దాకా కూడా పోలేదు. రెండు కొరుకులు వంటింట్లోనే తిన్నాను, సరిగ్గా కుదిరిందో లేదో చూద్దామని."

"ఇది బీరు కాదు, గ్లెనిస్."

డాక్టర్ ఫెర్నాండో ఎప్పుడు వచ్చిందో తెర పక్కన నిలబడి ఉంది. కోప్పడలేదు. కుర్చీ లాక్కుని మంచానికి దగ్గరగా కూర్చుంది.

"బీరు దిగిపోతుంది. ఈ మాత్ర పని అలాంటిది కాదు. ముదిరిన చీజులో, ఈస్టులో ఒక సరుకుంటుంది. మామూలు మనిషి ఒంట్లో దాన్ని విరగ్గొట్టి పారేసే ఏర్పాటు ఉంటుంది. మాత్ర ఆ ఏర్పాటునే పడుకోబెడుతుంది. నువ్వు మాత్ర మానేసినా అది లేవదు. ఒళ్ళు మళ్ళీ కొత్తది తయారు చేసుకోవాలి. దానికి రెండు వారాలు పడుతుంది. అందుకే మానేశాక కూడా రెండు వారాలు అవే నియమాలు. ఇంకో మందుకు మారాలన్నా అంతే ఆగాలి. పైగా ఒక్కసారిగా మానేయడమే ఒక ప్రమాదం."

"చెప్పే ఉంటావు."

"చెప్పాను. అన్నీ ఒకేరోజు చెప్పాను, అది నా తప్పు. కానీ ఏడుపు రావట్లేదని నువ్వు నాకు చెప్పలేదు."

"ఏడవలేకపోతున్నానని ఎవరైనా డాక్టరు దగ్గరికి వెళ్తారా?"

"రావాలి. మోతాదు చూసేదాన్ని, వేరే దారి చూసేదాన్ని. జబ్బు తగ్గడమంటే రాయిలా అయిపోవడం కాదు."

గ్లెనిస్ పైకప్పు వైపు చూస్తూ పడుకుంది. ఆ మాట ఏడాది కిందట ఎవరైనా చెప్పి ఉంటే అన్నట్టుంది ఆమె మొహం. డాక్టర్ మాత్రం కదల్లేదు. కనుబొమలు ముడిచి ఏదో లెక్క కుదరనట్టు కూర్చుంది.

"ఒకటి అర్థం కావట్లేదు. రెండు కొరుకులంటున్నావు. అదీ పల్చగా. ఈమధ్య మాత్ర సగం రోజులు కుండీలోకి పోయిందంటున్నావు. మోతాదు కూడా ఎప్పుడో తగ్గించాం. ఇంత కొద్దిదానికి ఇంత పెద్ద దెబ్బ తగలకపోవచ్చు. ఇంకేమైనా తిన్నావా? ఎవరైనా ఏమైనా ఇచ్చారా?"

"లేదు."

"ఇచ్చారు," అన్నాడు లాయ్డ్.

తెర అవతల నుంచి వచ్చింది ఆ గొంతు. తర్వాత మనిషి వచ్చాడు. చిరిగిన మేజోళ్ళతో, టోపీ చేతిలో పట్టుకుని, చర్చిలోకి ఆలస్యంగా వచ్చినవాడిలా.

"నేను ఇచ్చాను. టీలో."

"ఏం ఇచ్చావ్?" డాక్టర్ లేచి నిలబడింది.

"మాత్ర. నూరి." ఆయన గ్లెనిస్ వైపు చూడకుండా మంచం ఇనపకడ్డీతో మాట్లాడుతున్నాడు. "జెరేనియానికి నీళ్ళు పోస్తుంటే మట్టిలో ఎర్రగా కనిపించాయి. చిన్న చిన్నవి, నానిపోయి. అడుగుదామనుకున్నా. అడిగితే అసలే మానేస్తుందేమోనని భయమేసింది. డాక్టరమ్మా, నువ్వు మోతాదు తగ్గించినప్పుడు మిగిలిన డబ్బా ఒకటి ఉంది."

"అది మందుల షాపులో తిరిగి ఇచ్చేయమన్నాను. ఇచ్చేశానన్నావు."

"అన్నాను. షెడ్డులో పెట్టాను, తాళ్ళ పెట్టెలో."

"ఆమె నిజంగా మింగిన రోజుల్లో కూడా టీలో వేశావా?"

"ఏ రోజు మింగిందో నాకేం తెలుస్తుంది?"

డాక్టర్ గబగబా బయటికి వెళ్ళి జోస్లిన్‌ను పిలిచింది. గుండెకు అతికించే తీగలు తెమ్మంది, పెద్దాసుపత్రికి ఫోను కలపమంది. మళ్ళీ లోపలికి వచ్చి పట్టీ అంకెలు చూసింది. ఆ కాస్త సేపూ మొగుడూ పెళ్ళాం ఒకరినొకరు చూసుకోలేదు.

మార్నీ మాత్రం లాయ్డ్‌నే చూస్తోంది. పొద్దున నడవాలో ఆయన కళ్ళలో కనిపించినది, పెళ్ళాం కావాలని తిన్నదేమోనన్న భయం ఒక్కటే కాదన్నమాట. తన తప్పు కోడలి తప్పు కింద కప్పుకుపోతే బాగుండునన్న ఆశ కూడా. ఆమెకు కోపం రావాలి. వచ్చింది కూడా, చెవుల దాకా వేడిగా. కానీ ఆ మేజోడు చిరుగులోంచి బయటికి వచ్చిన బొటనవేలు చూస్తుంటే ఆ కోపం ఎక్కడ నిలబెట్టుకోవాలో తెలియలేదు.

"గ్లెన్," అన్నాడు లాయ్డ్. "ఆ చలికాలం నువ్వు నాతో ఒక్క మాట మాట్లాడలేదు. పళ్ళెం పెడితే గోడవైపు తిరిగేదానివి. వాడు పోయాడు, హామిష్ సముద్రమే ఇల్లు చేసుకున్నాడు. సాయంత్రం ఇంటికొస్తే టీవీ వెలుగులో నేనూ ఆ కుక్కా. చివరికి కుక్కతో వాతావరణం మాట్లాడేవాణ్ణి. తర్వాత ఒకరోజు లేచి వచ్చి టీలో పంచదార ఎక్కువైందన్నావు. గుర్తుందా? నేను షెడ్డులోకి పోయి..." ఆగిపోయాడు. "నువ్వు ఏడవకపోయినా ఫర్వాలేదనిపించింది. లేచి నడుస్తూ, నా టీకి వంకలు పెడుతూ ఉంటే చాలనిపించింది."

"ఫర్వాలేదని నువ్వనుకున్నావా," అంది గ్లెనిస్.

"అనుకున్నాను."

"నా ఏడుపు గురించి."

ఆయన మంచం దగ్గరికి జరిగాడు. అప్పటిదాకా జేబులో ఉన్న చెయ్యి బయటికి తీశాడు. గోధుమరంగు ప్లాస్టిక్ డబ్బా ఒకటి మంచం మీద, ఆమె మోకాళ్ళ దగ్గర పెట్టాడు. మార్నీకి అప్పుడు అర్థమైంది, ఆయన పొద్దున అంబులెన్సు వెనకే ఎందుకు రాలేదో. వాకిట్లో పెళ్ళాన్ని ఎక్కిస్తుంటే చూసి, ముందు షెడ్డులోకి వెళ్ళాడు.

డాక్టర్ డబ్బా తీసుకుని మూత తిప్పింది. దీపం వైపు వంచి చూసింది. తలకిందులుగా పట్టుకుంది. కాస్త ఎర్రటి పొడి ఆమె అరచేతిలో రాలింది, అంతే.

"ఇది నిండు డబ్బా, లాయ్డ్. నేను రాసిచ్చిన మర్నాడే మోతాదు తగ్గించాం, నాకు బాగా గుర్తు. జెరేనియం సంగతి నీకు ఎప్పుడు తెలిసింది?"

"ఈమధ్యే."

"ఈమధ్య తాగిన టీలకి ఇన్ని పట్టవు."

గ్లెనిస్ మోచేతి మీద లేవబోయింది. మార్నీ వద్దని భుజం పట్టుకుంది, కానీ ఆమె లేచింది. నొప్పికి మొహం ముడుచుకుపోయినా, ఎన్నో ఏళ్ళుగా ఎరిగిన మొగుణ్ణి మొదటిసారి చూస్తున్నట్టు చూసింది.

"మోతాదు తగ్గించింది పోయినేడు, చలి మొదలవక ముందు," అంది. గొంతు చాలా మామూలుగా ఉంది, కూరగాయల ధర అడిగినట్టు. "పోయినేడు వాడి పుట్టినరోజు నాడు నేను జెట్టీకి బయల్దేరుతుంటే నువ్వు ఫ్లాస్కులో టీ పోసి ఇచ్చావ్. చల్లగా ఉంది, తాగి వెళ్ళు అన్నావ్."

లాయ్డ్ టోపీని రెండు చేతులతో నలుపుతున్నాడు.

"అందులో వేశావా?"

ఆయన డాక్టర్ వైపు తిరిగాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"వేశాను. ఇంకో మాట ఉంది, డాక్టరమ్మా. మాత్ర సంగతి ఒక్కటే కాదు, ఆ ఏడు ఆమెను జెట్టీ మీద ఏడవనివ్వకూడదని నేను ఎందుకనుకున్నానో అదీ చెప్పాలి. ఇక్కడ కాదు. బయట చెప్తాను."

మంచం పక్క యంత్రం ఉన్నట్టుండి గట్టిగా కూయడం మొదలుపెట్టింది. జోస్లిన్ తీగలు పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయింది. గ్లెనిస్ చేతి పట్టీని తనే లాగి ఊడదీసి పక్కన పడేసింది.

"ఇక్కడే చెప్పు," అంది.